చర్చి మెట్ల దగ్గర చెప్పుల పని

ముందే చెప్పేస్తున్నాను, నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. చావు దగ్గర గొడవ పెట్టుకున్నానని, చర్చి ముందు పరువు తీశానని అనేవాళ్లు అన్నారు. అననీ. ఎవరి పరువు, ఎవరు తీశారో ఇది చదివాక మీరే తేల్చుకోండి.

నేను చెప్పులకూ బూట్లకూ పైభాగం కుట్టే మనిషిని. బోయిగూడలో ఒక ఇరుకు గల్లీలో మా దుకాణం. ఒక గోడకు నా మిషను, ఎదుటి గోడకు అన్న పీట. మధ్యలో ఎవరైనా నిలబడితే ఇంకొకరు లోపలికి రాలేరు. నేను తోలు ముక్కలు కుట్టి పైభాగం తయారుచేసి ఇస్తే, అన్న దాన్ని కర్ర అచ్చుకు ఎక్కించి, బిగదీసి, అడుగు కుట్టేవాడు. పైన నాది, కింద ఆయనది. బడిపిల్లల బూట్లు, పెళ్లి బ్యాండువాళ్ల బూట్లు, కాళ్లు వాచినవాళ్లకు వెడల్పాటి చెప్పులు, ఏది కావాలంటే అది కుట్టేవాళ్లం. సికింద్రాబాదులో మేం కుట్టినవి తొడుక్కుని తిరిగిన కాళ్లెన్నో మాకే తెలియదు.

అన్న అంటున్నానని తోడబుట్టినవాడు అనుకునేరు. ఆయన కులం వేరు, దేవుడు వేరు. ఆయన ప్రతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని చర్చికి పోయే మనిషి, నేను బోనం ఎత్తే మనిషిని. నా పెనిమిటి పోయి, చిన్నపిల్లతో మిగిలిపోయి, జాకెట్లు కుట్టుకుంటూ పడరాని పాట్లు పడుతున్నప్పుడు ఆయనే పిలిచి పని ఇచ్చాడు.

"బట్ట కుట్టే చెయ్యి తోలు కుట్టదా చెల్లె? సూది జెర మారుతది, అంతే" అన్నాడు.

తోలు ముట్టానని మావాళ్లు కొన్నాళ్లు నా ఇంట్లో మంచినీళ్లు తాగలేదు. గడప దాకా వచ్చి, దాహం లేదని, ఇప్పుడే తాగామని, అడ్డమైన సాకులన్నీ చెప్పేవాళ్లు. అది తలుచుకుని దుకాణంలో కళ్లనీళ్లు పెట్టుకుంటే అన్న తల కూడా ఎత్తలేదు.

"తాగకపోతే వాళ్లకే దూప అయితది. మనకేంది? గా తోలు ఇటియ్యి."

అంతటితో నా ఏడుపు ఆగిపోయింది. ఇంక ఎవరి ముందూ ఆ పని గురించి గొంతు తగ్గించి మాట్లాడలేదు.

మా ఇద్దరికీ ఒక కట్టుబాటు ఉండేది. నా కుట్టులో ఆయన వేలు పెట్టడు, ఆయన అడుగులో నేను వేలు పెట్టను. ఒకసారి పని తొందరలో ఉండి నేను ఆయన ఆరె అందుకున్నాను. ఆరె అంటే తోలుకు కన్నం పెట్టే ఇనుప ముల్లు, దానికి కర్ర పిడి. ఆయన నా చేతిలోంచి లాక్కుని, "నీ మిషను మీద నేనెప్పుడన్న కూసున్ననా?" అన్నాడు. అంతే, మళ్లీ ముట్టుకోలేదు. ఇంకో అలవాటు ఉండేది ఆయనకు. జత పూర్తయ్యాక ఎవరికిచ్చినా సరే, ముందు బూటులోకి మణికట్టు దాకా చెయ్యి పెట్టి లోపలంతా తడిమేవాడు. ఎక్కడైనా మేకు మొన లోపలికి పొడుచుకు వచ్చిందేమోనని. ఆ తర్వాత జతను నేల మీద, ముందుభాగం వీధి వైపు ఉండేట్టు పెట్టేవాడు. తొడుక్కున్న మనిషి ఇటూ అటూ తిరగకుండా నేరుగా నడిచిపోవాలట.

మోకాళ్లు పట్టేశాక కొడుకు ఆయన్ని సైనిక్‌పురిలో తన ఇంటికి తీసుకుపోయాడు. మంచి కొడుకే, అబద్ధం చెప్పను. చాయ్ దగ్గరి నుంచి మందుల దాకా అన్నీ చూసుకున్నాడు. అయినా అన్న ఊరుకుంటేనా! రెండు బస్సులు మారి బోయిగూడకు వచ్చి, తన పీట మీద కూర్చుని, నాలుగు మాటలు మాట్లాడి, ఉన్న పనిలో కొంత చేసి పోయేవాడు. "ఇంట్ల పరేషాన్ అయితుంది చెల్లె. చేతులు ఊకెనే ఉంటే మనిషి చచ్చినట్టే" అనేవాడు.

ఒకరోజు పొద్దున్నే కొడుకు ఫోను చేశాడు. "అత్తా, నాయన పోయిండు. చాయ్ తాగి కుర్చీల కూసున్నడు, గట్లనే..." అని ఫోను పెట్టేశాడు. అన్నకు చెల్లెల్ని కదా, అందుకని నన్ను అత్తా అనే పిలుస్తాడు.

నేను మిషను మీద అలాగే తల వాల్చి కాసేపు ఏడ్చాను. లేచాక ఆయన పనిముట్లన్నీ ఒక సంచిలో వేసుకున్నాను. ఆరె, తోలు కోసే రంపె, సుత్తి, మేకుల డబ్బా, జిగురు డబ్బా, మైనం ముద్ద, సూదులు, దారం ఉండలు, కొన్ని తోలు ముక్కలు. ఎందుకు వేసుకున్నానంటే, ఆ ఆరెను శవపెట్టెలో ఆయన పక్కన పెట్టాలని నాకు గట్టిగా అనిపించింది. దాని పిడి మీద ఆయన బొటనవేలు ఆనే చోట గుంట పడిపోయి ఉంటుంది. ఇంకెవరి చేతికీ అది సరిపోదు అనుకున్నాను.

నాతో ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకరు మాకు తోలు కోసి ఇచ్చే పెద్దాయన, ఇంకొకరు స్టేషను ముందు పేవ్‌మెంటు మీద చెప్పులు బాగుచేసే తమ్ముడు. ఆ తమ్ముడికి పని నేర్పి ఆ చోట కూర్చోబెట్టింది అన్నే. ముగ్గురం ఆటోలో సైనిక్‌పురికి పోయాం. ఇంటి ముందు కార్లు, కుర్చీలు, తెల్ల చీరలు, నల్ల కళ్లద్దాలు. కొడుకు నన్ను చూసి దగ్గరికి వచ్చి, భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అప్పటిదాకా అంతా బాగానే ఉంది.

తర్వాత మెల్లగా నన్ను కారు షెడ్డు పక్కకు తీసుకుపోయాడు.

"అత్తా, ఏం అనుకోవద్దు. ఈ కాలనీల అందరు పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసినోళ్లే. మా ఆఫీసోళ్లు సుత వస్తరు. నాయన మిలిటరీకి సామాన్ సప్లై చేసే కంపెనీల ఉండె అని చెప్పిన. జెర మీరు గా ముచ్చట తియ్యకుండ్రి."

"ఏ ముచ్చట?"

"తెలిసి తెలిసి ఏందత్తా?"

"నీ నోటితోని చెప్పు బిడ్డా. ఏ ముచ్చట తియ్యొద్దు?"

వాడు ఎవరైనా వింటున్నారేమోనని గేటు వైపు చూశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం, మీ నాయన దొంగతనం చేసిండా? ఎవల కొంపన్న ముంచిండా?"

"మెల్లగ అత్తా, నీ కాళ్లు మొక్కుత."

కాళ్ల సంగతి నా దగ్గరే ఎత్తాడు, చూడండి! చావింట్లో ఇంకేం అంటాను? గొంతు తగ్గించి, "సరే, ఒక్కటి చెయ్యి. ఈ ఆరె పెట్టెల పెట్టనియ్యి. బట్ట కింద పెడత, ఎవలకు కనబడదు" అని బతిమాలాను. అవును, నేనే బతిమాలాను.

"పెట్టెల ఇనుప ముక్కలేందత్తా! నాయన బైబిల్ పెడుతున్నం, చాలు" అని వెళ్లిపోయాడు.

చర్చి అన్నకు మొదటి నుంచీ అలవాటైనదే, మా దుకాణానికి నడిచిపోయే దూరం. అందుకే అక్కడికే తెచ్చారు. అక్కడ చెప్పులు బయట విడిచే లోపలికి పోవాలి. మెట్ల కింద ఒక పెద్ద కుప్ప అయింది. లోపల పెట్టె తెరిచి ముందు పెట్టారు. అన్న కోటు వేసుకుని, చేతుల్లో బైబిల్‌తో, కాళ్లకు తెల్ల సాక్సులతో పడుకుని ఉన్నాడు. జీవితమంతా ఊరి కాళ్లకు చెప్పులు కుట్టినవాడు సాక్సులతో పోతున్నాడు.

పాటలయ్యాయి. అయ్యగారు వాక్యం చదివారు. తర్వాత సంఘపెద్ద లేచి అన్న జీవితం గురించి చదవడం మొదలుపెట్టాడు. "మన ప్రియ సహోదరులు మిలిటరీకి సామగ్రి సరఫరా చేసే ఒక సంస్థలో ఎంతో నమ్మకంగా సేవలందించి, పదవీ విరమణ చేసిన మీదట కుమారుని ఇంట..."

సామగ్రి! సంస్థ! మా రేకుల దుకాణం అంత పెద్దదని నాకు ఇన్నేళ్లూ తెలియదు. పక్కనే కూర్చున్న ఒకావిడ పాపం తల ఊపుతూ, "మంచి ఉద్యోగం" అంది నాతో. రేపు నేను పోయినప్పుడు నా గురించి ఏం చదువుతారు? ఫ్యాషన్ డిజైనింగ్ రంగంలో సేవలందించింది అని చదువుతారా? నా వేళ్ల మీద ఈ కాయలు ఎలా వచ్చాయని చెబుతారు? మనిషి నోరు మూసుకుని పెట్టెలో పడుకున్నాక ఎవరికి నచ్చిన బతుకు వాళ్లు ఆయనకు అంటగట్టొచ్చా? సంచి పట్టుకుని లేచి బయటికి వచ్చేశాను.

మెట్ల మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంటుంటే, నా కాళ్ల దగ్గర ఒక ఆడమనిషి చెప్పు కనబడింది. పట్టీ తెగితే పిన్నీసు పెట్టి నెట్టుకొస్తోంది. దాని పక్కన ఇంకొకటి, మడమ దగ్గర నోరు తెరిచింది. ఇంకొకదాని బొటనవేలి ఉంగరం వేలాడుతోంది. మా పనిలో ఉన్నవాళ్లు మనుషుల మొహాల కన్నా ముందు కాళ్లు చూస్తారు, ఏం చేయను! పిన్నీసు చెప్పు ఒళ్లో పెట్టుకుని, సంచి విప్పి, సూదిలోకి దారం ఎక్కించాను.

అంతలో స్టేషను తమ్ముడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "ఏందక్కా, బయటకొచ్చినవ్?"

"లోపల ఎవలో మిలిటరీ కంపెనీ ఆయన చచ్చిపోయిండట తమ్మీ. మన అన్న గాదు. మన అన్నను సాగనంపాలంటే ఇట్ల కూసో."

వాడు ఒక్క క్షణం నన్ను చూశాడు, తర్వాత చెప్పుల కుప్పను చూశాడు. గొంతుక్కూర్చుని సుత్తి అందుకున్నాడు. కాసేపటికి పెద్దాయన కూడా వచ్చి, పంచె పైకి కట్టుకుని, రంపె పట్టుకున్నాడు. ముగ్గురం కలిసి షురూ చేశాం. తెగినది కుట్టాం, ఊడినది అంటించాం, అరిగిన మడమకు తోలు ముక్క వేశాం. బాగున్నవాటికి గుడ్డతో దుమ్ము తుడిచాం. అయినదాన్ని అయినట్టు, అన్న పెట్టినట్టే, ముందుభాగం గేటు వైపు తిప్పి వరుసగా పెట్టుకుంటూ పోయాం. అన్న పనిముట్లు, అన్న మైనం, అన్న దారం. ఏడుస్తూనే చేశామనుకోండి, కానీ చేతులు ఆగలేదు.

సుత్తి చప్పుడుకు సంఘపెద్ద బయటికి వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? లోపల ప్రార్థన జరుగుతోంది కదా!"

"మెల్లగ కొడితే మేకు దిగదయ్యా. మీరే జెర గట్టిగ ప్రార్థన చెయ్యుండ్రి."

ఆయన ఇంకేదో అనబోయి, పెద్దాయన చేతిలో ఉన్నది తన చెప్పేనని చూసి ఆగిపోయాడు. అది ఎన్నాళ్ల నుంచి కాలు కొరుకుతోందో ఏమో, "ఆ అంచు దగ్గర కొంచెం చూడండి" అని చెప్పి లోపలికి పోయాడు.

అప్పుడు కనబడ్డాయి ఆ బూట్లు. నల్లవి, పాతవి, మెట్ల పక్కగా విడిగా పెట్టి ఉన్నాయి. చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. ముందుభాగం మీద జంట కుట్టు నాదే. ఇంకెవరూ అంత దగ్గరగా వెయ్యరు. తిప్పి చూస్తే అడుగు అన్నది. కొడుకుకు ఉద్యోగం వచ్చినప్పుడు మేమిద్దరం కలిసి కుట్టిన జత అది. తండ్రి పని పేరు ఎత్తొద్దన్నవాడు, తండ్రిని సాగనంపే రోజు వాటినే తొడుక్కుని వచ్చాడు. వేరే బూట్లు లేకనా? ఎందుకో నేను అడగలేదు, ఇప్పటికీ అడగలేదు. కుడి బూటు అడుగు పక్కన కుట్లు తెగి, వేలు దూరేంత విడిపోయింది.

తమ్ముడు చెయ్యి చాపాడు. "ఇయ్యక్కా, నేను కొడత."

"వద్దు. ఇది నేను కుడత."

"అడుగు పని నువ్వెప్పుడు చేసినవ్?"

"చెయ్యలే. ఇప్పుడు చేస్త."

బూటును మోకాళ్ల మధ్య బిగించి ఆరె పట్టుకున్నాను. ఆయన బొటనవేలి గుంటలో నా బొటనవేలు వదులుగా కూర్చుంది. కన్నం పెట్టాలి, మైనం పట్టించిన దారాన్ని అటు నుంచొక కొస, ఇటు నుంచొక కొస అదే కన్నంలోంచి దూర్చాలి, రెండు చేతులూ బార్లా చాపి లాగాలి. చూసింది వేలసార్లు, చేసింది అదే మొదలు. మొదటి కన్నం వంకర పోయింది. రెండోదానికి ఆరె నా వేలికే దిగింది. పోనీ అనుకుని రక్తం కొంగుకు తుడుచుకుని మళ్లీ పట్టాను.

నేను ఆ కుట్టు సగంలో ఉండగానే లోపల ప్రార్థన అయిపోయి జనం బయటికి రావడం మొదలుపెట్టారు. కుప్పగా విడిచినవాళ్లకు వరుసలు కనబడ్డాయి. పిన్నీసు చెప్పు ఆవిడ తన చెప్పును గుర్తుపట్టక రెండుసార్లు దాటిపోయింది. ఒకాయన అలవాటుగా జేబులో చెయ్యి పెట్టబోతే, "చెయ్యి తియ్యుండ్రి సార్, పెట్టెల పండుకున్న ఆయన పని ఇది" అన్నాడు తమ్ముడు. గుసగుసలు లేచాయి. ఎవరు వీళ్లు, ఎవరు పిలిపించారు, ఏం పని అంటూ.

కొడుకు వచ్చాడు. వరుసలు చూశాడు, మమ్మల్ని చూశాడు.

"అత్తా, ఏందిది? చెప్పిన గదా నేను..."

"మేం ఏ ముచ్చట తియ్యలే బిడ్డా. నోరే విప్పలే."

"నా బూట్లియ్యి. పెట్టె లేపాలె."

"కుట్టు సగంల ఉంది. ఇప్పుడు ఇడిస్తే మొత్తం ఊడిపోతది. సగం పని చేతికియ్యడం మీ నాయన నేర్పలే."

రెండు చేతులూ చాపి దారం లాగాను. పక్కనున్నవాళ్లు తగలకుండా జరిగారు, మా చుట్టూ జాగా అయింది. ఆ జాగాలో వాడు సాక్సులతో నిలబడ్డాడు, లోపల పడుకున్న తండ్రి లాగే. లోపల పెట్టె దగ్గర నలుగురూ వాడి కోసం ఆగిపోయారు. ముందు భుజం పట్టాల్సింది కొడుకే కదా.

సైనిక్‌పురి నుంచి వచ్చిన తెల్ల మీసాల పెద్దమనిషి ఒకాయన వాడి భుజం మీద చెయ్యి వేసి అడిగాడు. "ఎవరు బాబూ వీళ్లు?"

"నాయనకు తెలిసినోళ్లు అంకుల్."

నేను తల ఎత్తలేదు. ఇంకో కన్నం పెట్టాను. "ఎట్ల తెలుసో సుత చెప్పు" అన్నాను.

వాడు చెప్పకపోతే ఏం చేస్తానో నాకే తెలియదు. బూట్లు ఇచ్చేసి ఇంటికి పోయేదాన్నేమో. వాడు నా చేతుల్లోని బూటు వంకే చూస్తూ నిలబడ్డాడు. నా వేలి నుంచి ఇంకా నెత్తురు కారుతూ ఉండటం చూసినట్టున్నాడు.

"గవి మా నాయన కుట్టిన బూట్లు అంకుల్" అన్నాడు. తల ఎత్తి, ఈసారి అందరికీ వినబడేట్టు అన్నాడు. "మా నాయన చెప్పులు కుట్టెటోడు. ఇక్కడనే, బోయిగూడల. వీళ్లు ఆయనతోని పనిచేసెటోళ్లు. గీమె మా అత్త."

ఆ మీసాలాయన ఏమన్నాడో నాకు వినబడలేదు. వినాలని కూడా చూడలేదు. ఆయన మెచ్చుకుంటే మాకు వచ్చేది లేదు, మూతి తిప్పుకుంటే పోయేదీ లేదు. నాకు కావలసిన మాట నాకు వినబడింది. కళ్లు మసకబారి మిగిలిన కుట్లు ఎలా వేశానో నాకే తెలియదు. బాగా రాలేదు, ఒప్పుకుంటున్నాను. అన్న చూస్తే మొత్తం విప్పించేవాడు. ముడి వేసి, దారం కోసి, బూటులోకి మణికట్టు దాకా చెయ్యి పెట్టి లోపలంతా తడిమాను. జతను నేల మీద గేటు వైపు తిప్పి పెట్టి, "తొడుక్కో" అన్నాను.

వాడు తొడుక్కున్నాడు. లోపలికి పోబోయి, వెనక్కి వచ్చి నా ముందు వంగాడు.

"ఆరె ఇయ్యి అత్తా. పెట్టెల పెడత. అందరి ముంగటనే పెడత."

చేతిలోని ఆరెను చూసుకున్నాను. నా చేతి వేడికి పిడి వెచ్చగా ఉంది.

"ఇయ్యను" అన్నాను.

"నువ్వే గదా పొద్దుగాల బతిమాలినవ్?"

"పొద్దుగాల ఇగ దీంతోని పని లేదనుకున్న. ఉంది. పనిచేసే ఆరెను మన్నుల పెడితే మీ నాయన లేచి వచ్చి తిడతడు. పో, పెట్టె లేపు."

వాడు ఏడుపులోనే నవ్వాడు. పోయి తండ్రిని భుజానికి ఎత్తుకున్నాడు. మేం ముగ్గురం వెనకాల నడిచాం. అందరూ పెట్టె వంక చూస్తుంటే నేను సమాధుల తోట దాకా వాడి కుడికాలు చూస్తూనే పోయాను. కుట్టు ఊడలేదు.

మరునాడు పొద్దున్నే దుకాణం తెరిచి, ఆరెను కొంగుకు తుడుచుకుని, మొదటిసారి అన్న పీట మీద కూర్చున్నాను.